పాఠకుని భయం – వివేచన

యండమూరి వీరేంద్రనాథ్ నవల ‘తులసిదళం’ ధారావాహికగా వెలువడినప్పుడు పాఠకలోకం రెండుగా చీలింది. పసిపిల్ల తులసిపై జరిగిన క్షుద్రప్రయోగ కథను అనేకులు ఉత్కంఠతో చదివారు. అది మూఢనమ్మకాలను పెంచుతుందని రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అనే విమర్శలో ఖండించారు. మొదటి స్పందన కథనశక్తికి నిదర్శనం. రెండవది రచయిత బాధ్యతకు హెచ్చరిక.

ఈ చర్చ పుస్తకంతో ముగియదు. పలాస, టెక్కలి ప్రాంతాలలో చిల్లంగి అన్న మాట ఎరుగనివారు అరుదు. ఉద్దానంలో ఎందరినో బలిగొన్న మూత్రపిండాల వ్యాధికి మూలకారణం ఇంకా పూర్తిగా తేలలేదు. కారణం తెలియనిచోట భయం కథలల్లుతుంది. ఆ కథను నమ్మి మంత్రగాని ఆశ్రయించిన రోగికి విలువైన కాలం వృథా అవుతుంది. అతనికి దారి 2023లో పలాసలో ప్రారంభమైన కిడ్నీ ఆసుపత్రి వంటి వైద్యాలయమే.

నవలలోని భయాన్ని పుస్తకంతోపాటే మూసివేయగలవాడే వివేకవంతుడైన పాఠకుడు.