షిఫ్టు దిగాక వినే పాట

మద్దికెర నుంచి గుంతకల్లు రైల్వే డ్యూటీకి పోయేవాళ్లున్నారు, పత్తి చేలల్లో కూలికి వంగేవాళ్లున్నారు. ఆదోని జిన్నింగ్ మిల్లుల్లో, ఎమ్మిగనూరు మగ్గాల మీద బతుకుతున్న చుట్టాలు ఇక్కడ చాలా ఇళ్లకు ఉంటారు. అందరి ఫోన్లలోనూ పాటలున్నాయి. వాటిని ఏ వేళ, ఎంత సౌండుతో వింటే ఒంటికి పట్టేదీ చూద్దాం.

రాత్రి డ్యూటీ వాళ్లకు అసలు తిప్పలు నిద్రతోనే. తెల్లారి ఇల్లు చేరాక ఒళ్లు పడుకోమంటుంది, మనసు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంటుంది. నిద్రలేమికి పాట పనిచేస్తుందా అని కోక్రేన్ సంస్థ 2022లో 13 పరిశోధనలను కలిపి చూసింది. వాటిలో పాల్గొన్నవాళ్లు దాదాపు వెయ్యి మంది. రోజూ 25 నుంచి 60 నిమిషాలు విన్నవాళ్లకు నిద్ర మెరుగుపడిందని తేలింది. ఖర్చులేని పని కాబట్టి ఓ రెండు వారాలు చేసి చూడండి. నెమ్మదిగా సాగే వేణువో వీణో ఎంచుకోండి. సినిమా పాటైతే మాటల వెంట జ్ఞాపకాలు లేస్తాయి, ఉన్న కాస్త నిద్రా పోతుంది. రోజూ అదే వరసలో అవే పాటలు పెట్టుకోండి. టైమర్ పెట్టి, ఫోన్ బోర్లించి, మంచానికి దూరంగా ఉంచండి. చేతికందితే పాట పోయి రీల్స్ మొదలవుతాయి, అది మీకూ తెలుసు.

ఇక నొప్పులు. ఆపరేషన్ చేయించుకున్న రోగులకు పాటలు వినిపిస్తే నొప్పి, ఆందోళన తగ్గాయని, నొప్పి మాత్రల వాడకం కూడా తగ్గిందని 73 పరిశోధనలను క్రోడీకరించి 2015లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించింది. పొద్దంతా వంగి పత్తి తీసిన నడుముకు కూడా సాయంత్రం పాట కొంత ఊరటే. కానీ నొప్పి కాలిలోకి దిగుతున్నా, తిమ్మిరి పడుతున్నా డాక్టరు దగ్గరికి పోవాల్సిందే.

నన్నడిగితే వినడం కంటే పాడటం మేలు. ఈ సీమలో దానికి వెతుక్కోవాల్సిన పనిలేదు. దగ్గర్లోని చిప్పగిరిలోనే కన్నడ హరిదాసు విజయదాసు తన చివరి రోజులు గడిపాడు. దాసుల పదాలు విన్న నేల ఇది. చెక్కభజన కూడా మనదే. గుంట మగ్గంలో కాళ్లు దించి రోజంతా కూర్చున్న మనిషి సాయంత్రం చెక్కలు పట్టి వలయంలో నిలబడితే ఏమవుతుందో గమనించండి. గురువు పల్లవి ఎత్తుకోగానే మడమ నేలను తాకుతుంది, పిక్కల్లోకి రక్తం పరుగెత్తుతుంది. చరణంలో ఒక్కో పాదం ఒక్క ఊపిరిలో పాడాలి కాబట్టి శ్వాస నిదానంగా వదలక తప్పదు. అలా వదిలినప్పుడు గుండె వేగం నెమ్మదిస్తుంది. పైగా నలుగురి మధ్య ఉన్నామన్న ధైర్యం. వారానికి రెండు సాయంత్రాలు చాలు. గొంతు బాగాలేదని సిగ్గుపడకండి, వెనక వరసలో ఎవరూ పట్టించుకోరు.

పాట చెరుపు చేసే చోటు కూడా ఉంది. జిన్నింగ్ మిల్లులో యంత్రాల హోరును మించి వినబడాలని ఇయర్‌ఫోన్ సౌండు పెంచితే చెవికి రెండు దెబ్బలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ శబ్దం వారానికి 40 గంటల వరకు వినవచ్చు. అదే 90కి పెరిగితే 4 గంటలే. మిల్లులో చెవుల్లో పెట్టుకోవాల్సినవి ఇయర్‌ప్లగ్గులు, వాటిని యాజమాన్యాన్ని అడగండి. ఇంటికొచ్చాక చెవులు గుయ్యిమంటున్నాయంటే ఆరోజు పాట కూడా వద్దు. పట్టాల దగ్గరా బండి మీదా ఇయర్‌ఫోన్ పెట్టేవాళ్లకు చెప్పేదేముంది, ప్రాణం వాళ్లదే.

ఫలానా రాగం షుగర్‌కు, ఫలానాది బీపీకి అనే పట్టికలు వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. మంగళంపల్లి బాలమురళీకృష్ణ అంతటి విద్వాంసుడు సంగీత చికిత్సపై ఆసక్తి చూపిన మాట నిజమే. అంతమాత్రాన ఆ పట్టికలు నమ్మి మాత్రలు ఆపకండి. సంగీతం మందుకు తోడు, మందుకు బదులు కాదు.

రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోతే, దేనిమీదా మనసు నిలవకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయండి. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రి డ్యూటీ మధ్యలోనైనా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు.