మేడ మీద వాటా అద్దెకిచ్చే ముందు

చెల్లెళ్ళూ, ఈసారి మన ముచ్చట టు-లెట్ బోర్డు గురించి. కింద మనముంటూ, మేడ మీద ఒకటో రెండో వాటాలు అద్దెకిచ్చుకునేవాళ్ళం మనలో చాలామందిమి ఉన్నాం. మల్కాజిగిరిలో చూడండి, వనస్థలిపురంలో చూడండి, విజయవాడ సత్యనారాయణపురంలో చూడండి, ప్రతి వీధిలోనూ ఉంటాం. ఆయన రిటైరయినప్పుడు చేతికొచ్చిన డబ్బుతో పైన లేపుకున్న అంతస్తు అది. పెన్షన్ లేని ఇంట్లో ఆ అద్దే మందులకీ, గ్యాస్ బండకీ, పండక్కి వచ్చిన కూతురికి పెట్టే చీరకీ. ఓనరమ్మ అనగానే డబ్బున్నావిడ అనుకుంటారు అందరూ. అయిదో తారీఖు దాటినా అద్దె పడకపోతే ఆవిడ పడే ఆదుర్దా ఆవిడకే తెలుసు.

నేను చూసినంతలో చెడ్డవాళ్ళు అద్దెకు దిగడం వల్ల వచ్చే చిక్కులు తక్కువే. మొదటిరోజు చెప్పాల్సిన మాట మొహమాటానికి మింగేయడం వల్ల వచ్చేవే ఎక్కువ. "మంచివాళ్ళలాగే ఉన్నారు, కాగితాలెందుకులే" అంటాం. ఎంత మంచివాళ్ళయినా రాసుకోండమ్మా. అద్దె ఏ తారీఖున ఇవ్వాలి, ఏడాదికి ఎంత పెంచుతాం, ఖాళీ చేయాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి, సున్నాల ఖర్చు ఎవరిది, మోటారు కాలితే ఎవరు బాగు చేయించాలి, ఇవన్నీ అందులో ఉండాలి. అగ్రిమెంటు 11 నెలలకే ఎందుకు రాస్తారని చాలామంది అడుగుతుంటారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటిన లీజును తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి. ఆ ఖర్చూ, తిరుగుడూ లేకుండా 11 నెలలకు రాసుకోవడం అలవాటైంది. అలాంటప్పుడు గడువు తీరగానే మళ్ళీ రాసుకోవాలి కదా! మనమేమో పాత కాగితాన్ని బీరువాలో పెట్టి మూడేళ్ళు మరిచిపోతాం.

అసలు తగువంతా అడ్వాన్సు దగ్గర. హైదరాబాదులో మామూలుగా రెండు నెలల అద్దె తీసుకుంటాం. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం కూడా ఇళ్ళకు రెండు నెలలకు మించొద్దనే చెప్పింది. అది నమూనా మాత్రమే, ఏ రాష్ట్రానికా రాష్ట్రం చట్టం చేసుకోవాలి. ఖాళీ చేసే ముందు పైవాళ్ళు "ఆంటీ, ఈ రెండు నెలలూ అడ్వాన్సులో పట్టేసుకోండి" అంటారు. సరేనంటాం. వాళ్ళు సామాను ఎక్కించుకుని వెళ్ళాక పైకెళ్ళి చూస్తే గీజరు పనిచేయదు, దోమల జాలీ తలుపు చిరిగి ఉంటుంది, కరెంటు బిల్లు బాకీ ఉంటుంది. అప్పుడు ఎవరిని అడుగుతాం? అందుకని చివరి నెల అద్దె అద్దెగానే తీసుకోండి, అడ్వాన్సు తాళాలు చేతికొచ్చాక లెక్క చూసి తిరిగివ్వండి.

ఆ లెక్క కూడా దిగిన రోజునే మొదలవ్వాలి. వాళ్ళ ఎదురుగానే గది గదికీ వెళ్ళి ఫోనులో ఫొటోలు తీయండి. స్విచ్ బోర్డులు, ఫ్యాన్ రెగ్యులేటర్లు, సింకు కింద పైపు, బాత్రూము గడియ, అద్దం, మీటరు రీడింగూ. ఆ ఫొటోలు వాళ్ళకీ పంపండి. అయితే న్యాయంగా ఉందాం. మూడేళ్ళు కాపురమున్న ఇంట్లో గోడ రంగు వెలుస్తుంది, పొయ్యి పక్కన జిడ్డు పడుతుంది. అది వాడకం, పాడుచేయడం కిందికి రాదు. మేకు కొట్టిన ప్రతి కన్నానికీ డబ్బు కోయడం నాకైతే నచ్చదు.

ఇంకో బెడద చెమ్మ. మన హాలు సీలింగులో ఓ మూల తేమ మరక కనిపిస్తుంది, కొన్నాళ్ళకు అక్కడ సున్నం ఉబ్బి తెల్లటి పొడి రాలుతుంది. "పైవాళ్ళు నీళ్ళు తెగ పారబోస్తారు" అని వాళ్ళ మీద కారాలు మిరియాలు నూరతాం. చాలాసార్లు వాళ్ళ తప్పేమీ ఉండదు, బాత్రూములో టైల్స్ సందుల్లో వేసిన వైట్ సిమెంటు ఊడిపోయి ఉంటుంది. నహానీ ట్రాపుకి గుడ్డ కుక్కి, నేల మునిగేలా నీళ్ళు కట్టి రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి కింద మరక పెద్దదైందో లేదో తెలిసిపోతుంది. అయితే సందులు పూడ్పించాలి, కాకపోతే పైపులు చూపించాలి. ఆ పని వానాకాలానికి ముందే అయిపోవాలి.

కరెంటు మీటరు మాత్రం వాటాకొకటి పెట్టించండి. రెండు వాటాలకూ ఒకే మీటరుంటే యూనిట్లు కలిసి పై శ్లాబులోకి పోతాయి, బిల్లు పెరుగుతుంది, పంచుకునే దగ్గర గొడవ. తెలంగాణలో 2024 నుంచి గృహజ్యోతి కింద అర్హులైన ఇళ్ళకు నెలకు 200 యూనిట్ల వరకు ఉచితం. అద్దెకున్నవాళ్ళకీ వస్తుంది. మన ఇంట్లో వేరే మీటరు లేక పాపం వాళ్ళకది అందకుండా పోకూడదు.

ఖాళీ పడ్డ నెలలు కూడా లెక్కలో వేసుకోవాలి. ఆషాఢంలోనో పుష్యంలోనో వాటా ఖాళీ అయితే శ్రావణమో మాఘమో వచ్చేదాకా పాలు పొంగించేవాళ్ళు అరుదు. కాగితంలో నోటీసు గడువు రెండు నెలలని రాసుకుంటే ఆ దెబ్బ కొంత తప్పుతుంది.

పాన్ నంబరు అడిగారని భయపడేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఏడాది అద్దె లక్ష దాటితే, పాత పద్ధతిలో ఇంటద్దె మినహాయింపు చూపించుకునే ఉద్యోగి ఓనరు పాన్ ఇవ్వాల్సిందే. ఇవ్వండి, భయమేమీ లేదు. నెలకు 12,000 చొప్పున ఏడాదికి 1,44,000 వచ్చిందనుకోండి. మీరు కట్టిన ఇంటి పన్ను 4,000 తీసేస్తే 1,40,000. అందులో 30 శాతం, అంటే 42,000, మరమ్మతులకు రూపాయి పెట్టినా పెట్టకపోయినా మినహాయిస్తారు. మిగిలిన 98,000 మాత్రమే ఆదాయం. వేరే రాబడి లేని ఆవిడకు దాని మీద పన్నే పడదు. అన్నట్టు, హైదరాబాదులో ఇంటి పన్ను ఏడాదిదంతా ఏప్రిల్‌లోనే కట్టేస్తే అయిదు శాతం రాయితీ ఇస్తూ వస్తున్నారు.

ఇక మనసులో మాట ఒకటి చెప్తాను, కోపం తెచ్చుకోకండి. ఇల్లు చూడ్డానికొచ్చిన వాళ్ళని "మీరేమిట్లు?" అని అడిగి గేటు దగ్గర్నుంచే పంపించేస్తున్నాం. ఒంటరి ఆడపిల్లకి ఇవ్వం, భర్త పోయినావిడకి ఇవ్వం, ముస్లిములకి ఇవ్వం. ఉద్యోగమేమిటో అడగండి, ఆధార్ కాపీ తీసుకోండి, ఇంతకు ముందున్న ఇంటి ఓనరుకి ఫోన్ చేసి కనుక్కోండి. అవి చాలు. అద్దె సక్రమంగా ఇస్తారా, ఇల్లు శుభ్రంగా ఉంచుతారా అన్నదానికి కులం ఏనాడూ హామీ ఇవ్వలేదు. రేపు మన పిల్ల పుణెలోనో బెంగళూరులోనో ఇల్లు వెతుక్కుంటూ ఎండలో తిరిగేటప్పుడు ఆ గేటు దగ్గరా ఓ ఓనరమ్మ నిలబడి ఉంటుంది.

ఎవరైనా మొండికేసి ఖాళీ చేయకపోతే నీళ్ళు కట్టేయడం, ఫ్యూజు పీకేయడం, తాళం వేయడం చేయొద్దు. న్యాయం మనవైపున్నా ఆ పనితో తప్పు మనదవుతుంది. కాగితంలో వేరే మాట లేకపోతే, నెలవారీ అద్దెకున్నవాళ్ళకు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. అప్పటికీ కదలకపోతే లాయరు ద్వారా కోర్టుకే వెళ్ళాలి.

ఈ ఆదివారం ఓ పని చేయండమ్మా. బీరువాలోంచి అగ్రిమెంటు తీసి తారీఖు చూడండి. 11 నెలలు దాటిపోయి ఉంటే పైవాళ్ళని టీకి పిలిచి, కూర్చోబెట్టి, కొత్తది రాసుకోండి.