పెన్‌డ్రైవ్ నుంచి కంప్యూటర్ లేవనప్పుడు: లినక్స్ ఎక్కించేవారికి ఒక పాఠం

గత ఏడాది ఒక శ్రేయోభిలాషి తన కార్యాలయంలో పక్కన పెట్టిన ఆరు డెస్క్‌టాప్ కంప్యూటర్లను మన సాయంకాల ట్యూషన్ కేంద్రానికి ఇచ్చారు. ఆరింటిలోనూ విండోస్ 10 ఉంది. దానికి మైక్రోసాఫ్ట్ సంస్థ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కిద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఈ పాత యంత్రాల్లో అది లేదు. అందుకని ఉచితంగా దొరికే లినక్స్ మింట్ ఎక్కించాలని నిర్ణయించుకున్నాం. పొరుగున కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలు ఎన్నో ఏళ్ళుగా లినక్స్ మీదే నేర్చుకుంటున్నారు. మన పిల్లలకు మాత్రం ఎందుకు కుదరదు అనుకున్నాం.

ఒక ఆదివారం సాయంత్రం పెన్‌డ్రైవ్ పట్టుకుని కూర్చున్నాం. రాత్రి తొమ్మిదిన్నర అయినా ఆరింటిలో ఒక్కటీ లేవలేదు. "పాత సామాన్ల కొట్టుకు వేసేయండి మాస్టారూ, కరెంటు బిల్లు దండగ" అన్నారు ఒక పెద్దమనిషి. ఆయన మాటలో తప్పు లేదు. కానీ ఇంటర్ తర్వాత మన పిల్లలు రాసే ఈఏపీసెట్ కంప్యూటర్ మీదే రాయాలి. ఇంట్లో కంప్యూటర్ లేని పిల్ల పరీక్ష హాల్లోనే మొదటిసారి మౌస్ పట్టుకుంటే ఎంత నష్టమో ఉపాధ్యాయులుగా మాకు తెలుసు. అందుకే ఇంకో వారం గడువు అడిగాం.

ఆ వారంలో ఆరూ లేచాయి. అసలు వాటిలో ఒక్కటీ పాడైపోలేదు. లేవకపోవడానికి కారణాలు మాత్రం వేరువేరు. అవే ఈ పాఠం.

యంత్రం ఎలా లేస్తుంది?

మీట నొక్కగానే ముందు లేచేది విండోసూ కాదు, లినక్సూ కాదు. మదర్‌బోర్డు మీది చిన్న చిప్పులో ఉండే ప్రోగ్రాము. పాత యంత్రాల్లో దాన్ని బయోస్ అంటారు, తర్వాత వచ్చిన వాటిలో యూఈఎఫ్‌ఐ అంటారు. మెమరీ, కీబోర్డు సరిచూసుకున్నాక, పని ఎవరికి అప్పగించాలా అని అది వెతుకుతుంది. బయోస్ అయితే డ్రైవులోని మొట్టమొదటి 512 బైట్లను చదువుతుంది, అక్కడ సరైన గుర్తు కనిపిస్తేనే ముందుకు సాగుతుంది. యూఈఎఫ్‌ఐ అయితే డ్రైవులో ఒక నిర్ణీతమైన ఫోల్డరులో నిర్ణీతమైన పేరున్న ఫైలు కోసం చూస్తుంది. అది దొరికితే ఎంపికల మెనూ వస్తుంది. మెనూ నుంచి లినక్స్ కెర్నల్ లేస్తుంది. కెర్నల్ తెరనూ మౌస్‌నూ తన చేతిలోకి తీసుకుంటుంది.

ఇది చేతి నుంచి చేతికి అందే పని. లెక్కలో జవాబు తప్పితే పేజీ అంతా కొట్టేయకుండా ఏ మెట్టు దగ్గర తప్పిందో చూడమని పిల్లలకు చెబుతాం. ఇక్కడా అంతే. "పని చేయడం లేదు" అనే మాట పక్కన పెట్టి "ఎక్కడ ఆగింది?" అని అడగాలి.

ముందు రెండు పరీక్షలు

ఏదీ మార్చకముందు ఆ పెన్‌డ్రైవ్‌ను బాగా పనిచేస్తున్న మరో కంప్యూటర్‌కు పెట్టి లేపి చూడండి. అక్కడ లేస్తే చాలావరకు పెన్‌డ్రైవ్ మంచిదే, చూడవలసింది మొదటి యంత్రాన్ని. అక్కడా లేవకపోతే తప్పు పెన్‌డ్రైవ్‌లోనో, అందులోని ఫైలులోనో ఉండే అవకాశం ఎక్కువ. అలాగే ఇదివరకు పనిచేసిన పెన్‌డ్రైవ్ ఉంటే దాన్ని మొండికేసిన యంత్రానికి పెట్టి చూడండి. ఈ రెండు పరీక్షలతో సగం వెతుకులాట తగ్గిపోతుంది.

రెండో నియమం, ఒకసారికి ఒక్కటే మార్చాలి. మొదటి రోజు మేము కంగారులో ఒకేసారి పోర్టూ మార్చాం, బయోస్‌లో రెండు అమరికలూ మార్చాం. ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో మాకే తెలియలేదు. మరునాటి నుంచి ఒక నోటు పుస్తకంలో గీతలు గీసి, ఏ యంత్రంలో ఏం మార్చామో, తెర మీద ఏం కనిపించిందో రాసుకున్నాం. పని అప్పుడు దారిలో పడింది.

మొదటి మెట్టు: దించుకున్న ఫైలు

లినక్స్ ఇన్‌స్టాలర్ ఐఎస్ఓ అనే ఒకే పెద్ద ఫైలుగా వస్తుంది. మింట్ అయితే దాదాపు 3 జీబీ. నెట్ మధ్యలో తెగితే ఫైలు అసంపూర్ణంగా మిగిలిపోవచ్చు. దాన్ని పట్టుకోవడానికే పంపిణీదారులు ఫైలుతో పాటు ఎస్‌హెచ్‌ఏ256 అనే సరిచూపు సంఖ్యను ఇస్తారు. అది 64 అక్షరాల వరుస. విండోస్‌లో సర్ట్‌యుటిల్ అనే ఆదేశంతోనూ, లినక్స్‌లో ఎస్‌హెచ్‌ఏ256సమ్ అనే ఆదేశంతోనూ మన ఫైలుకు ఆ సంఖ్య తీసి పోల్చుకోవాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ ఫైలు వద్దు, మళ్ళీ దించుకోండి.

రెండవ మెట్టు: నకలు చేయడం వేరు, రాయడం వేరు

మా మొదటి రోజు తప్పు ఇదే. ఐఎస్ఓ ఫైలును పాటల ఫైలులాగా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాం. యంత్రానికి కావలసింది డ్రైవు మొదట్లో ఉండే గుర్తు, నిర్ణీత ఫోల్డరులోని ఫైలు. అవి ఐఎస్ఓ కడుపులో ఉన్నంతవరకు దానికి కనిపించవు. ఉత్తరాన్ని కవరులో పెట్టి అతికించి, ఎదుటివాడు చదవలేదని కోపగించుకున్నట్టు అయింది.

విండోస్‌లో రూఫస్ గానీ బలేనా ఎచర్ గానీ వాడి ఫైలును పెన్‌డ్రైవ్ మీద "రాయాలి". వెన్‌టాయ్ అనే సాధనం మాత్రం వేరు. దానితో ముందే సిద్ధం చేసిన పెన్‌డ్రైవ్‌లోకి ఐఎస్ఓను ఊరికే కాపీ చేసినా సరిపోతుంది. ఏది వాడినా పెన్‌డ్రైవ్‌లోని పాత ఫైళ్ళు తుడిచిపెట్టుకుపోతాయి. ముందే వేరేచోట దాచుకోవాలి. రాసే ముందు ఎంచుకున్నది పెన్‌డ్రైవేనా, పక్కనున్న హార్డ్ డిస్కా అని పేరూ పరిమాణమూ రెండుసార్లు చూసుకోవాలి.

రాయడం అయ్యాక విండోస్ "ఈ డిస్కును ఫార్మాట్ చేయాలా?" అని అడగవచ్చు. డ్రైవు పరిమాణం కొద్ది ఎంబీలే ఉన్నట్టు కూడా చూపవచ్చు. కంగారు వద్దు. లినక్స్ విభాగాలు విండోస్‌కు అర్థం కాక అలా అడుగుతుంది. రద్దు నొక్కండి. సరే అంటే రాసిందంతా పోతుంది. రాత పూర్తయ్యాక సురక్షితంగా తొలగించే ఎంపిక ద్వారానే పెన్‌డ్రైవ్ తీయాలి.

ఇలా సరిగ్గా రాయగానే ఆరింటిలో రెండు లేచాయి.

మూడవ మెట్టు: పెన్‌డ్రైవ్ అసలుదేనా?

పని త్వరగా కావాలని రోడ్డు పక్కన 64 జీబీ అని రాసి ఉన్న పెన్‌డ్రైవ్ ఒకటి కొన్నాం. రాయడం సజావుగానే అయింది, బూట్ మాత్రం సగంలో ఆగింది. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత సాధనంతో పరీక్షిస్తే లోపల ఉన్నది అందులో కొద్ది భాగమేనని తేలింది. నకిలీ పెన్‌డ్రైవ్‌లు తమ పరిమాణం గురించి కంప్యూటర్‌కు అబద్ధం చెబుతాయి. హద్దు దాటాక రాసింది నిలవదు. లినక్స్‌లో ఇదే పరీక్షకు ఎఫ్3 అనే సాధనం ఉంది. నమ్మకమైన 8 లేదా 16 జీబీ పెన్‌డ్రైవ్ మింట్‌కు చాలు.

నాలుగవ మెట్టు: యంత్రం పెన్‌డ్రైవ్ వైపు చూస్తోందా?

చాలా యంత్రాలు ముందు హార్డ్ డిస్కు వైపే చూస్తాయి. మీట నొక్కిన వెంటనే బూట్ మెనూ కీ కొట్టి పెన్‌డ్రైవ్‌ను ఎంచుకోవాలి. డెల్, లెనోవోల్లో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. ఏసర్‌లోనూ ఎఫ్12, కాని కొన్ని మోడళ్ళలో దాన్ని ముందు బయోస్‌లో అనుమతించాలి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఉంటే ఆపిన కంప్యూటర్ పూర్తిగా ఆగదు. అలాంటప్పుడు షట్‌డౌన్ కాకుండా రీస్టార్ట్ చేసి కీ కొట్టండి.

మెనూలో పెన్‌డ్రైవ్ పేరే కనిపించకపోతే పోర్టు మార్చండి. మా మూడో యంత్రం ముందువైపు పోర్టులో పెడితే చూడలేదు, వెనుకవైపు నేరుగా మదర్‌బోర్డుకే ఉన్న పోర్టులో పెట్టగానే చూసింది. కొన్ని పాత యంత్రాలు నీలిరంగు యూఎస్‌బీ 3 పోర్టుల నుంచి లేవవు. వాటికి నల్లరంగు పోర్టు మేలు.

నాలుగో యంత్రంలో బూట్ వరుస ఎన్నిసార్లు మార్చినా మరునాటికి మొదటికొచ్చేది. తేదీ కూడా ఎన్నో ఏళ్ళు వెనక్కి పోయేది. దోషం మదర్‌బోర్డు మీది నాణెం లాంటి సీఆర్2032 బ్యాటరీది. గడియారాల కొట్టులో దొరికే ఆ 3 వోల్టుల బ్యాటరీ మార్చగానే మాట వినింది.

ఐదవ మెట్టు: ఇద్దరి భాష ఒకటేనా?

ఐదో యంత్రంలో ఉన్నది పాత బయోస్ మాత్రమే. మేము పెట్టిన పెన్‌డ్రైవ్‌ను రూఫస్‌లో జీపీటీ, యూఈఎఫ్‌ఐ ఎంపికలతో తయారుచేశాం. ఒకరిది తెలుగు, ఇంకొకరిది ఫ్రెంచి అన్నట్టు అయింది. రూఫస్‌లో ఎంబీఆర్ ఎంచుకుని మళ్ళీ రాస్తే లేచింది. ఐఎస్ఓ పద్ధతిలో రాసినది లేవకపోతే, రూఫస్ అడిగినప్పుడు డీడీ పద్ధతి ఎంచుకుని ఒకసారి ప్రయత్నించండి.

32 బిట్ ప్రాసెసర్ ఉన్న మరీ పాత యంత్రానికి 64 బిట్ లినక్స్ పెడితే "ఈ కెర్నల్‌కు 64 బిట్ ప్రాసెసర్ కావాలి" అనే అర్థంతో సందేశం వస్తుంది. మింట్ ప్రధాన సంచికలు 2020లో వచ్చిన 20వ సంచిక నుంచి 64 బిట్‌వే. డెబియన్ కూడా 2025లో వచ్చిన 13వ సంచికతో 32 బిట్ ఇన్‌స్టాలర్‌ను మానేసింది.

సెక్యూర్ బూట్ అనేది సంతకం ఉన్న ప్రోగ్రాములనే అనుమతించే కాపలా. ఉబుంటు, ఫెడోరా, డెబియన్, మింట్‌లకు ఆ సంతకం ఉంది. అయినా సెక్యూరిటీ పాలసీ వయొలేషన్ అని వస్తే మన ఐఎస్ఓ పాతదై ఉండవచ్చు. 2024 ఆగస్టు విండోస్ అప్‌డేట్ తర్వాత కొన్ని యంత్రాలు పాత సంతకాలను తిరస్కరించాయి. ముందు కొత్త ఐఎస్ఓ దించుకుని చూడండి. కాపలాను తీసేయడం ఆఖరి మాట.

ఎందుకు ఆఖరిదో అనుభవం మీద నేర్చుకున్నాం. ఆ రోజుల్లోనే డిగ్రీ చదివే ఒక అమ్మాయి తన ల్యాప్‌టాప్ తెచ్చి, లినక్స్ ఎలా ఉంటుందో చూపించమంది. పెన్‌డ్రైవ్ లేవలేదని మేము వెనకా ముందూ చూడక సెక్యూర్ బూట్ తీసేశాం. తిరిగి విండోస్‌లోకి వెళ్ళబోతే నీలి తెర వచ్చి బిట్‌లాకర్ రికవరీ కీ, 48 అంకెలు, అడిగింది. ఆ అమ్మాయికి అలాంటి కీ ఒకటి ఉంటుందనే తెలియదు. మర్నాడు ఇవ్వవలసిన ప్రాజెక్టు అందులోనే ఉంది. ఆమె ఏమీ అనలేదు. ముఖం మాత్రం పాలిపోయింది. మాకు చెమటలు పట్టాయి. చేసిన మార్పు ఒక్కటే కాబట్టి దాన్ని యథాస్థితికి తెచ్చాం. సెక్యూర్ బూట్ తిరిగి పెట్టగానే విండోస్ మామూలుగా తెరుచుకుంది. రెండు మూడు మార్పులు చేసి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది. ఇతరుల యంత్రం మన చేతిలో అమానతు. బయోస్‌లో చేయి పెట్టే ముందు రికవరీ కీ వారి మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందో లేదో చూసి రాసుకోవాలి, ఫైళ్ళకు నకలు తీసుకోవాలి.

ఆరవ మెట్టు: మెనూ వచ్చాక నల్ల తెర

ఆరో యంత్రంలో మెనూ వచ్చింది, ఎంటర్ కొట్టగానే తెర నల్లబడింది. మెనూ వచ్చిందంటే పెన్‌డ్రైవ్, పోర్టు, బూట్ వరుస తమ పని చేశాయన్నమాట. ఇక వాటిని మార్చి లాభం లేదు. చిక్కు ఎక్కువగా గ్రాఫిక్స్ కార్డుది. మింట్ మెనూలో కంపాటిబిలిటీ మోడ్, ఉబుంటులో సేఫ్ గ్రాఫిక్స్ అనే ఎంపికలు దీనికోసమే ఉన్నాయి. వాటితో లేపి ఇన్‌స్టాల్ చేశాక సరైన డ్రైవర్ ఎక్కించుకోవచ్చు.

గుర్తుంచుకోవడానికి

1. "నో బూటబుల్ డివైస్" అని వస్తే: ఫైలును రాశామా, కాపీ చేశామా? బయోస్, యూఈఎఫ్‌ఐ తేడా ఉందా?
2. నేరుగా విండోసే వస్తే: బూట్ మెనూ కీ, ఫాస్ట్ స్టార్టప్, బూట్ వరుస చూడాలి.
3. మెనూలో పెన్‌డ్రైవ్ పేరు లేకపోతే: పోర్టు మార్చాలి.
4. సంతకం గురించి హెచ్చరిక వస్తే: కొత్త ఐఎస్ఓ దించుకోవాలి.
5. మధ్యలో చదవలేనని ఆగితే: సరిచూపు సంఖ్య, పెన్‌డ్రైవ్ అసలుదేనా అన్నది చూడాలి.
6. మెనూ తర్వాత నల్ల తెర అయితే: కంపాటిబిలిటీ మోడ్.

ఇప్పుడు ఆ ఆరు కంప్యూటర్ల ముందు రోజూ సాయంత్రం పిల్లలు వంతులవారీగా కూర్చుంటున్నారు. మా నోటు పుస్తకాన్ని తొమ్మిదో తరగతి పిల్లలకే అప్పగించాం. మొన్న ఒక యంత్రం లేవకపోతే వాళ్ళు మమ్మల్ని పిలవలేదు. పెన్‌డ్రైవ్ తీసుకెళ్ళి పక్క యంత్రానికి పెట్టి చూశారు. ఏం చూశారో, ఏం మార్చారో వరుసగా రాసి ఉంచారు. మేము వెళ్ళేసరికి యంత్రం లేచి ఉంది.

మీ ఇంట్లోనో, కార్యాలయంలోనో ఇలాంటి పాత కంప్యూటర్ దుమ్ము పట్టి ఉంటే పాత సామానులో వేసే ముందు ఒక సాయంత్రం దానికి కేటాయించండి. పై మెట్లన్నీ అయ్యాక కూడా లేవకపోతే అప్పుడు చూద్దాం.