నేరాన్ని పాఠంగా చెప్పే ఉద్యోగం
ఉత్తరాంధ్ర విద్యార్థులకు సోషియాలజీ, క్రిమినల్ జస్టిస్ బోధనలో ఉన్న దారులు

2018 నవంబరులో గుజరాత్ తీరానికి దూరంగా వేటలో ఉన్న శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులను పాకిస్తాన్ అధికారులు పట్టుకుపోయారు. వాళ్లంతా వెరావల్ బోట్ల మీద కూలికి వెళ్లినవాళ్లు. పద్నాలుగు నెలలు కరాచీ జైల్లో గడిపాక 2020 జనవరి 6న వారిలో 20 మంది వాఘా సరిహద్దు దాటి ఇంటిదారి పట్టారు. 2025లో వచ్చిన ‘తండేల్’ సినిమాకు ఆ ఉదంతమే ఆధారం.

సినిమా చూసినవాళ్లకు ప్రేమకథ గుర్తుండిపోయింది. సోషియాలజీ చదివినవాళ్లకు వేరే ప్రశ్నలు పుడతాయి. 193 కిలోమీటర్ల తీరం ఉన్న శ్రీకాకుళం జిల్లా నుంచి జాలరి వెరావల్‌కు ఎందుకు వలస పోవాలి? సంపాదించేవాడు జైలుపాలైతే అప్పు ఎవరు తీర్చారు, అర్జీ పట్టుకుని ఎవరు తిరిగారు? విడుదలై వచ్చినవాడికి ఊళ్లో మళ్లీ పని దొరికిందా? ఆ మత్స్యకారుల్లో చాలామందిది ఎచ్చెర్ల మండలం మత్స్యలేశం. డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ విశ్వవిద్యాలయం ఉన్నదీ ఆ మండలంలోనే. ఇలాంటి ప్రశ్నలకు జవాబులు వెతకడం, వాటిని తరగతిలో చెప్పడం ఒక వృత్తి. నేరం, పోలీసు, కోర్టు, జైలు, వాటి వెనకున్న సమాజం ఆ వృత్తికి పాఠ్యాంశాలు.

ఏం బోధిస్తారు?

నేరం ఎందుకు జరుగుతుందన్నది క్రిమినాలజీ. శిక్ష ఎలా ఉండాలి, జైలు మనిషిని ఏం చేస్తుందన్నది పీనాలజీ. బాధితుల పక్షం నుంచి చూసేది విక్టిమాలజీ. ఈ మూడింటికీ సోషియాలజీ పునాది. అమెరికా పరిశోధకుడు గ్రెషమ్ సైక్స్ న్యూజెర్సీ జైలును అధ్యయనం చేసి 1958లో ప్రచురించిన పుస్తకం ఈ రంగంలో ఇప్పటికీ తొలిపాఠం. గోడల మధ్య ఖైదీలు తమదైన ఒక సమాజాన్ని ఎలా కట్టుకుంటారో ఆయన చూపించాడు. మన దేశంలో మహువా బందోపాధ్యాయ కోల్‌కతాలోని ఒక జైలు దైనందిన జీవితాన్ని గమనించి 2010లో పుస్తకం తెచ్చారు. ఆమె సోషియాలజిస్టు.

సిలబస్ కూడా ఎప్పటికప్పుడు మారుతోంది. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. చిన్న నేరాలకు సమాజసేవను శిక్షగా తొలిసారి చేర్చారు. మొదటిసారి కేసులో ఇరుక్కున్న విచారణ ఖైదీ, ఆ నేరానికి పడగల గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం జైల్లో గడిపితే, కొన్ని మినహాయింపులతో, బెయిలుకు అర్హుడన్న నిబంధన కొత్త నాగరిక సురక్షా సంహితలో ఉంది. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు సుకన్య శాంత కేసులో తీర్పునిస్తూ, జైళ్లలో కులాన్నిబట్టి పనులు పంచే నిబంధనలను కొట్టేసింది. జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) లెక్కల ప్రకారం 2022 చివరికి దేశంలో 5,73,220 మంది ఖైదీలుంటే, వారిలో 4,34,302 మంది ఇంకా నేరం రుజువు కానివాళ్లే. నలుగురిలో ముగ్గురన్నమాట. ఈ ఒక్క అంకె మీదే ఒక సెమిస్టరు పాఠం చెప్పొచ్చు.

కోర్సు పేరు చూసి మోసపోవద్దు

ఈ దారి పట్టాలనుకునేవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. తెలుగు రాష్ట్రాల్లో ‘క్రిమినాలజీ లెక్చరర్’ అనే పోస్టుకు ప్రకటన వెలువడటం చాలా అరుదు. సోషియాలజీ, సోషల్ వర్క్, లా విభాగాల్లో పోస్టులు పడతాయి. అక్కడ చేరినవాళ్లే నేరం, శిక్షల పేపర్లు బోధిస్తారు. నోటిఫికేషన్లో ‘సంబంధిత సబ్జెక్టులో పీజీ’ అని ఉంటుంది. ఎంఏ క్రిమినాలజీ పట్టాతో సోషియాలజీ పోస్టుకు దరఖాస్తు చేస్తే పరిశీలనలోనే పక్కన పెట్టే ప్రమాదం ఉంది.

అందుకే మూల సబ్జెక్టును పీజీ దశలోనే ఖాయం చేసుకోవాలి. సమాజం, కులం, వలసల మీద ఆసక్తి ఉంటే ఎంఏ సోషియాలజీ. ఖైదీలతో, బాలనేరస్థులతో నేరుగా పనిచేయాలనుంటే ఎంఎస్‌డబ్ల్యూ. చట్టం మీద పట్టు ఉంటే ఎల్‌ఎల్‌బీ, ఆపైన క్రిమినల్ లాలో ఎల్‌ఎల్‌ఎం. నేరశాస్త్రాన్ని డిసర్టేషన్లో, పీహెచ్‌డీలో ప్రత్యేకతగా పెంచుకోవాలి. పట్టా సోషియాలజీది, పరిశోధన జైలు మీద: ఈ కలయిక ఉన్నవాళ్లు సోషియాలజీ విభాగంలోనూ ఇమడతారు, లా యూనివర్సిటీలోనూ ఇమడతారు. ఐదేళ్ల బీఏ ఎల్‌ఎల్‌బీలో సామాజిక శాస్త్రాల పేపర్లు తప్పనిసరి కాబట్టి లా కాలేజీలకు సోషియాలజీ అధ్యాపకుల అవసరం ఉంటుంది. ఈ అవకాశం చాలామంది ఎంఏ విద్యార్థుల దృష్టికి రాదు.

ఎక్కడ చదవాలి?

విజయనగరంలో 2019లో మొదలైన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయంలో సోషియాలజీ, సోషల్ వర్క్, గిరిజన అధ్యయనాల విభాగాలున్నాయి. ప్రవేశం సీయూఈటీ-పీజీ ద్వారా. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సోషియాలజీ, ఆంత్రోపాలజీ, సోషల్ వర్క్‌తోపాటు లా కాలేజీ కూడా ఒకే ఆవరణలో ఉండటం ఈ రంగం ఎంచుకున్నవాళ్లకు కలిసొచ్చే విషయం. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఏపీ పీజీసెట్ రాయాలి. అనకాపల్లి జిల్లా సబ్బవరంలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం 2008 నుంచి నడుస్తోంది.

బయటికి వెళ్లగలిగితే మొదట చూడాల్సింది ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్. అక్కడ సోషల్ వర్క్‌లో ‘క్రిమినాలజీ అండ్ జస్టిస్’ ప్రత్యేకత ఉంది. ఆ సంస్థ 1990లో మొదలుపెట్టిన ‘ప్రయాస్’ ప్రాజెక్టు కార్యకర్తలు జైళ్లలో, కోర్టుల్లో విచారణ ఖైదీలకు న్యాయసహాయం, పునరావాసం అందేలా చూస్తారు. పాఠం చెప్పే ప్రొఫెసర్లే ఆ పనిని నడిపిస్తారు. మద్రాసు విశ్వవిద్యాలయం, తిరునల్వేలిలోని మనోన్మణియం సుందరనార్ విశ్వవిద్యాలయాల్లో క్రిమినాలజీకి ప్రత్యేక విభాగాలున్నాయి. సాగర్ విశ్వవిద్యాలయంలో ఈ విభాగం 1959లోనే మొదలైంది.

నెట్, సెట్, ఆపైన పీహెచ్‌డీ

అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు పీజీలో 55 శాతం మార్కులు (రిజర్వుడు వర్గాలకు 50), దాంతోపాటు నెట్ లేదా సెట్ కనీస అర్హత. 2023 జులై నుంచి ఈ పోస్టుకు పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. యూజీసీ నెట్ ఏడాదికి రెండుసార్లు, జూన్, డిసెంబరు విడతలుగా జరుగుతుంది. మూడు గంటల్లో రెండు పేపర్లు: మొదటిదాంట్లో 50 ప్రశ్నలకు 100 మార్కులు, రెండోదాంట్లో 100 ప్రశ్నలకు 200. సోషియాలజీ కోడ్ 05, సోషల్ వర్క్ 10, లా 58, క్రిమినాలజీ 68. రాష్ట్రస్థాయి ఏపీసెట్‌ను ఆంధ్ర విశ్వవిద్యాలయం నిర్వహిస్తుంది. అందులో సోషియాలజీ, సోషల్ వర్క్, లా ఉన్నాయి.

తెలుగు మాధ్యమంలో డిగ్రీ చేసినవాళ్లు ఒక జాగ్రత్త తీసుకోవాలి. నెట్‌లో సోషియాలజీ ప్రశ్నపత్రం ఇంగ్లిషు, హిందీల్లోనే ఉంటుంది. తెలుగు అకాడమీ పుస్తకాలతో భావన అర్థం చేసుకుని, పారిభాషిక పదాలను మాత్రం ఇంగ్లిషులో రాసుకుంటూ పోతే పరీక్ష నాటికి తడబాటు ఉండదు.

జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే నెలకు రూ.37,000, రెండేళ్ల తర్వాత రూ.42,000 అందుతుంది. దానికి సాధారణ వయోపరిమితి 30 ఏళ్లు, రిజర్వుడు వర్గాలకు, మహిళలకు ఐదేళ్ల సడలింపు. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు వయోపరిమితి లేదు. 2024 జూన్ నుంచి నెట్ స్కోరుతోనే పీహెచ్‌డీ ప్రవేశాలకూ వీలు కల్పించారు. నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజి. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం తెచ్చుకున్నవాళ్లు పీజీ లేకుండానే ఫెలోషిప్‌కు, పీహెచ్‌డీకి పోటీపడొచ్చు.

ఆ దారిలో నడిచినవాళ్లు

కల్పనా కన్నబిరాన్ హైదరాబాద్‌కు చెందిన సోషియాలజిస్టు. జేఎన్‌యూలో సోషియాలజీలో డాక్టరేటు చేసి, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో పదేళ్లు బోధించారు. తర్వాత హైదరాబాద్‌లోని కౌన్సిల్ ఫర్ సోషల్ డెవలప్‌మెంట్‌కు డైరెక్టరయ్యారు. వలస పాలన, క్రిమినాలజీ, మానవ హక్కుల మీద రణ్‌బీర్ సింగ్‌తో కలిసి ఆమె సంపాదకత్వం వహించిన సంకలనం 2008లో వచ్చింది. సోషియాలజీ పట్టాతో లా తరగతికి వెళ్లడం ఎలాగో తెలియాలంటే ఆమె ప్రయాణం చూస్తే చాలు.

ఢిల్లీ విశ్వవిద్యాలయంలో సోషియాలజీ బోధించిన మీనా రాధాకృష్ణ తన పరిశోధనకు తెలుగునేలనే ఎంచుకున్నారు. బ్రిటిష్ పాలన నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కొన్ని కులాలనే పుట్టుకతో నేరస్థులుగా ముద్ర వేసింది. ఆ చట్టం కింద ఎరుకల కుటుంబాలను తెచ్చి ఉంచిన స్టువర్టుపురం సెటిల్‌మెంటును సాల్వేషన్ ఆర్మీ నడిపింది. ప్రభుత్వ దస్తావేజులు తవ్వి ఆమె రాసిన పుస్తకం 2001లో వెలువడింది. సినిమాలు, నవలలు గజదొంగల ఊరిగా చూపిన చోట, ఒక చట్టం ఆ ఊరిని ఎలా తయారుచేసిందో ఆమె చూపించారు.

పరిశోధనాంశాలు గుమ్మం ముందే

ఉత్తరాంధ్ర విద్యార్థికి అంశం కోసం ఢిల్లీ వెళ్లాల్సిన పనిలేదు. 2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో అయిదుగురు దళితులు హత్యకు గురయ్యారు. మడ్డువలస రిజర్వాయరు కోసం సేకరించిన భూముల సాగు మీద రేగిన గొడవ అది. భూసేకరణ, నిర్వాసితుల పునరావాసం, కులాల బలాబలాలు, అట్రాసిటీ చట్టం అన్నీ ఆ ఒక్క ఊరి చరిత్రలోనే ఉన్నాయి.

మన్యంలో గంజాయి కేసులు మరో పెద్ద అంశం. ఇరవై కిలోలు దాటితే చట్టం దాన్ని వాణిజ్య పరిమాణంగా లెక్కిస్తుంది. కనీస శిక్ష పదేళ్లు, బెయిలు దొరకడం కష్టం. మూట మోసిన కుర్రాడికీ పెట్టుబడి పెట్టినవాడికీ తేడా ఛార్జిషీటులో ఎంతవరకు కనబడుతుందన్నది పీహెచ్‌డీకి సరిపడే ప్రశ్న. 1967లో మొదలైన శ్రీకాకుళ గిరిజన పోరాటం, ఆపైన నడిచిన పార్వతీపురం కుట్ర కేసు రాజకీయ ఖైదీల అధ్యయనానికి ఆధారాలు.

భాష తెలియడం ఇక్కడ పెద్ద బలం. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూనే గిడుగు రామమూర్తి సవర నేర్చుకుని, ఆ భాషకు వ్యాకరణాన్ని 1931లో, నిఘంటువును 1938లో తెచ్చారు. సవర, కువి మాట్లాడగలిగిన పరిశోధకుడికి ఏజెన్సీ కోర్టు కేసుల్లో అనువాదంలో జారిపోయినవి కూడా వినబడతాయి.

జీతం, ఖాళీల సంగతి

యూజీసీ వేతనాల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం రూ.57,700. కరవుభత్యం, ఇంటి అద్దె అదనం. అయితే పోస్టులు సకాలంలో పడటం లేదు. 2023 చివర్లో రాష్ట్రంలోని 18 విశ్వవిద్యాలయాల్లో 3,220 అధ్యాపక పోస్టులకు ప్రకటనలిచ్చినా, కోర్టు వ్యాజ్యాలతో ఆ భర్తీ నిలిచిపోయింది. ఈలోగా చాలామంది గెస్ట్ ఫ్యాకల్టీగా, కాంట్రాక్టు మీద నెట్టుకొస్తున్నారు. అందుకే సొంత రాష్ట్రం మీదే ఆశ పెట్టుకోకుండా కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు, జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు, ప్రైవేటు లా కాలేజీలకు కూడా దరఖాస్తు చేయాలి. ఏపీపీఎస్సీ డిగ్రీ లెక్చరర్ నోటిఫికేషన్లలో తమ సబ్జెక్టు ఉందో లేదో ప్రతిసారీ చూసుకోవాలి.

బోధన అంటే కాలేజీయే కానక్కర్లేదు. విజయనగరంలో పోలీసు శిక్షణ కళాశాల ఉంది. జైళ్ల సిబ్బందికి శిక్షణనిచ్చే సంస్థ వెల్లూరులో 1979 నుంచి పనిచేస్తోంది. దక్షిణాది రాష్ట్రాల జైలు అధికారులు అక్కడికే వెళ్తారు. జువెనైల్ జస్టిస్ బోర్డుల్లో మేజిస్ట్రేటుతోపాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు కూర్చుంటారు. వారిలో ఒకరు మహిళ అయి ఉండాలి. పిల్లల సంక్షేమ రంగంలో ఏడేళ్ల అనుభవం ఉన్నవాళ్లతోపాటు, సోషియాలజీ, లా, చైల్డ్ సైకాలజీ పట్టాతో ప్రాక్టీసు చేస్తున్నవాళ్లనూ ఇందుకు పరిగణిస్తారు.

డిగ్రీలోనే మొదలుపెట్టండి

మొదటి మెట్టు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. అక్కడ పారాలీగల్ వలంటీరుగా నమోదైతే కోర్టు, పోలీసుస్టేషను, జైలు న్యాయసహాయ కేంద్రం ఎలా నడుస్తాయో దగ్గర నుంచి చూడొచ్చు. రెండోది రాయడం. నెలకొక తీర్పు చదివి రెండు పేజీల్లో సారాంశం రాసే అలవాటు పీజీ నాటికి డిసర్టేషన్‌కు పనికొస్తుంది. మూడోది లెక్కలు: ఎన్‌సీఆర్‌బీ ఏటా విడుదల చేసే నేర, జైలు గణాంకాల పట్టికలు ఉచితంగా దొరుకుతాయి. వాటిని ఎక్సెల్లో పెట్టుకుని జిల్లాల వారీగా, రాష్ట్రాల వారీగా పోల్చడం నేర్చుకోవాలి.

శ్రీకాకుళం దగ్గర అంపోలులో జిల్లా జైలు, విశాఖలో కేంద్ర కారాగారం ఉన్నాయి గానీ, పరిశోధన కోసం లోపలికి వెళ్లడానికి ముందస్తు అనుమతి తప్పనిసరి. దీనిమీద కేంద్ర హోంశాఖ 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. గైడు సంతకంతో, ప్రశ్నావళి జతచేసి జైళ్ల శాఖకు దరఖాస్తు పంపాలి. ఖైదీ అంగీకారం లేకుండా ప్రశ్నలు అడగకూడదు, పేర్లు బయటపెట్టకూడదు. అనుమతి రావడానికి నెలలు పట్టొచ్చు కాబట్టి ఎంఏ రెండో ఏడాది మొదట్లోనే కాగితాలు పెట్టుకోవడం మేలు. ఆలోగా ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో జిల్లా కోర్టుల తీర్పులు వెతికి, ఒకే రకం కేసులు ఎన్నేళ్లు సాగాయో పట్టిక వేసుకుంటే పరిశోధనలో మొదటి అధ్యాయానికి సరుకు చేతికొస్తుంది.