ఆ ఒప్పంద పత్రం చూపించమనండి

పదో తరగతి ఫలితాలు వస్తే చాలు, ఊరి సెంటర్లో కాలేజీల ఫ్లెక్సీలు లేస్తాయి. ఒక్కో ఫ్లెక్సీ మీద పది పదిహేను కంపెనీల గుర్తులు, కింద పెద్ద అక్షరాలతో ‘నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్’. అలాంటి ఫ్లెక్సీ చూసే మా అక్క కొడుకును ఒక ప్రైవేటు ఐటీఐ కాలేజీలో ఫిట్టర్ ట్రేడ్‌లో చేర్చాం. రెండేళ్లలో వాడు ఫ్యాక్టరీ గేటు దాటింది ఒక్కసారి. అదీ ఒక్క పూట, నలభై మందితో బస్సులో వెళ్లి చూసి రావడమే. చేర్చే రోజున మేం ఒక్క మాట అడిగి ఉండాల్సింది: ఏ కంపెనీలో, ఎన్ని నెలలు, ఏ మిషన్ మీద? అడగలేదు. మీరు అడగాలనే ఇది రాస్తున్నాను.

ఐటీఐలో ఫిట్టర్ కుర్రాడు మొదటి నెలలంతా ఆకురాయి పట్టుకునే ఉంటాడు. వైస్‌లో బిగించిన ఇనుప ముక్కను రాకుతాడు, దాని మీద ట్రైస్క్వేర్ ఆనించి కిటికీ వైపు ఎత్తి చూస్తాడు. సందులోంచి సన్నగా వెలుతురు కనపడిందా, మళ్లీ రాకాల్సిందే. ఈ ఓపిక కాలేజీలోనే అబ్బుతుంది. అయితే ఫ్యాక్టరీకి అలాంటి ముక్కలు రోజుకు వందల్లో కావాలి. డ్రాయింగులో 0.02 మిల్లీమీటర్లు అని రాసి ఉంటే, మొదటి ముక్కా షిఫ్టు చివరి ముక్కా ఆ కొలతలోనే రావాలి. మిషన్ చప్పుడు మారగానే టూల్ అరిగిందని పట్టుకోవడం, కూలెంట్ తగ్గితే జాబ్ వేడెక్కి కొలత మారుతుందని గ్రహించడం పుస్తకంతో వచ్చే పని కాదు. పదేళ్ల అనుభవం ఉన్న ఆపరేటర్ పక్కన నెలల తరబడి నిలబడాలి. కాలేజీకీ కంపెనీకీ పొత్తు కావాలనేది అందుకే.

సరైన పొత్తు ఎలా ఉంటుందో చూడాలంటే హైదరాబాద్ బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. 1968లో మొదలైన సంస్థ. అక్కడి టూల్, డై, మోల్డ్ మేకింగ్ డిప్లొమా నాలుగేళ్లు, అందులో ఒక ఏడాది పరిశ్రమలోనే శిక్షణ. చుట్టూ పారిశ్రామిక వాడ. ఐటీఐలలో కూడా ‘డ్యూయల్ సిస్టమ్ ఆఫ్ ట్రైనింగ్’ అనే పద్ధతి ఉంది. థియరీ, మొదటి మెలకువలు ఐటీఐలో, మిగతాది ఒప్పందం చేసుకున్న కంపెనీలో. తెలంగాణ ప్రభుత్వం 2024లో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలుపెట్టింది. 2,324 కోట్ల రూపాయల పథకం అది. కొత్త మిషన్లు రావడం మంచిదే. అయినా మీ పిల్లవాడిని చేర్చబోయే ఐటీఐకి వెళ్లి, ఆ మిషన్ తిరుగుతోందా, దాని మీద పిల్లల చెయ్యి పడుతోందా అన్నది కళ్లతో చూసి రండి. వర్క్‌షాప్‌లోకి రానివ్వకపోతే ఆ కాలేజీ వద్దు.

చదువు అయ్యాక అసలు దారి అప్రెంటిస్‌షిప్, అంటే స్టయిపెండ్ తీసుకుంటూ కంపెనీలో పని నేర్చుకోవడం. దీన్ని మన ఇళ్లలో చిన్నచూపు చూస్తారు, ఉద్యోగం రానివాళ్లు చేసేది అనుకుంటారు. అది తప్పు. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం దీనికి ఆధారం. 30 మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే సంస్థ తన సిబ్బందిలో రెండున్నర నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. కాబట్టి మీరు వెళ్లి అడగడం దేబిరించడం కిందికి రాదు.

ఇక్కడే జాగ్రత్త పడాల్సింది. కొన్నిచోట్ల పిల్లలను లేబర్ కాంట్రాక్టర్ల ద్వారా ‘ట్రైనీ’ పేరుతో తీసుకుని ఏడాది పొడవునా ఒకే మెషిన్ దగ్గర పార్టులు మోయిస్తుంటారు. దానికీ అప్రెంటిస్‌షిప్‌కూ సంబంధమే లేదు. నిజమైన అప్రెంటిస్‌కు అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో నమోదైన కాంట్రాక్టు ఉంటుంది. దాని నంబరు మీ దగ్గర ఉండాలి. 2019 నిబంధనల్లో కనీస స్టయిపెండ్ చదువును బట్టి నెలకు 5,000 నుంచి 9,000 రూపాయలుగా పెట్టారు. చేరే రోజున అమల్లో ఉన్న అంకెను పోర్టల్‌లో చూసుకోండి. జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టయిపెండ్‌లో నాలుగో వంతు, 1,500 రూపాయలు మించకుండా, కేంద్రమే నేరుగా అభ్యర్థి ఖాతాలో వేస్తుంది. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు చేయించకపోతే ఆ డబ్బు ఆగిపోతుంది.

చట్టం ఇచ్చిన రక్షణలు ఇంకా ఉన్నాయి. ఇన్ని ముక్కలు చేస్తే ఇంత అని పీస్ రేటు లెక్కన అప్రెంటిస్‌కు డబ్బు కట్టకూడదు. అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ చేయించకూడదు. శిక్షణలో దెబ్బ తగిలితే నష్టపరిహారం యజమానే ఇవ్వాలి. అయితే శిక్షణ ముగిశాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిబంధన లేదు. ‘పర్మినెంట్ చేస్తాం’ అని ఎవరైనా నోటిమాటగా చెబితే నమ్మకండి. కాంట్రాక్టులో ఏముందో అదే లెక్క.

రైల్వేలో మాత్రం ఒక మేలు ఉంది. రైల్వే సంస్థల్లో అప్రెంటిస్‌షిప్ పూర్తి చేసినవారికి లెవెల్-1 నియామకాల్లో 20 శాతం కేటాయింపు ఉంది. దక్షిణ మధ్య రైల్వే అప్రెంటిస్‌ల ఎంపికకు రాతపరీక్ష పెట్టదు, పదో తరగతి, ఐటీఐ మార్కులే చూస్తుంది. అందుకే ఐటీఐలో పాసైతే చాలనుకునే కుర్రాడికి ఇప్పుడే ఈ మాట చెప్పండి. విశాఖలో నేవల్ డాక్‌యార్డుకు సొంత అప్రెంటిస్ స్కూలుంది. సింగరేణి కూడా ఐటీఐ చదివినవారిని అప్రెంటిస్‌లుగా తీసుకుంటుంది. డిప్లొమా, డిగ్రీ చదివినవారికి వేరే పోర్టల్ ఉంది, దాని పేరు నాట్స్.

అప్రెంటిస్‌గా లోపలికి వెళ్లాక తమ్ముళ్లూ చెల్లెళ్లూ చేయాల్సిన పని ఒకటుంది. నోటుపుస్తకం ఒకటి పెట్టుకోండి. ఏ తేదీన ఏ మిషన్, ఏ జాబ్, ఎవరు నేర్పారు, ఎక్కడ తప్పు పోయింది, రోజూ నాలుగు లైన్లు రాయండి. రెండు నెలలుగా ఒకే చోట ఉన్నామని ఆ పుస్తకమే చెబుతుంది. అప్పుడు సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లి, “సార్, గ్రైండింగ్ సెక్షన్ కూడా నేర్చుకుంటాను, ఒక నెల అక్కడ వేయండి” అని అడగండి. అడిగిన కుర్రాణ్ని కసిరేవాళ్లు తక్కువ. రేపు ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ తర్వాత బల్ల మీద పెట్టదగ్గది ఆ పుస్తకమే. చివర్లో పరీక్ష రాసి జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ తెచ్చుకోకుండా మధ్యలో మానేయకండి. మూడు వేలు ఎక్కువ ఇస్తామన్న చోటికి పదో నెలలో వెళ్లిపోయి, తర్వాత బాధపడే పిల్లలు చాలామంది.

ఆటోనగర్ షెడ్లలో పదేళ్లుగా చేస్తూ చేతిలో ఏ కాగితమూ లేని అన్నలకూ దారి ఉంది. తగిన అనుభవం ఉంటే ప్రైవేటు అభ్యర్థిగా ట్రేడ్ టెస్టు రాయవచ్చు. అర్హత, గడువు మీ దగ్గర్లోని ప్రభుత్వ ఐటీఐలో చెబుతారు. ఒక సెలవు పెట్టుకుని వెళ్లి అడిగి రండి.

ఇక తల్లిదండ్రులకు. ఈసారి అడ్మిషన్‌కు వెళ్లినప్పుడు ఫీజు కట్టేముందు ప్రిన్సిపాల్ గారిని మర్యాదగానే అడగండి: “కంపెనీతో మీరు రాసుకున్న ఒప్పంద పత్రం ఒకసారి చూపిస్తారా? కిందటేడు అక్కడ శిక్షణ పొందిన ఇద్దరు పిల్లల నంబర్లు ఇస్తారా?” ఆ ఇద్దరికీ ఫోన్ చేసి మాట్లాడిన తర్వాతే డబ్బు కట్టండి.