ఎఱ్ఱబడిన కన్ను: కారణము తెలియక చుక్కలు వేయరాదు

కన్ను ఎఱ్ఱబడుట అందరికిని తెలిసిన బాధయే. కండ్లకలక వచ్చినదని ఇంటిలోనివారు నిర్ణయింతురు. ఇరుగుపొరుగువారు ఒక మందు చెప్పుదురు. దుకాణమునుండి చుక్కల సీసా వచ్చును. తఱచుగా కన్ను తనంతట తానే నెమ్మదించును. ఆ ఘనత చుక్కలకు దక్కును. కాని కొన్ని సందర్భములలో ఆ చుక్కలే చూపును హరించును. ఏలయనగా ఎఱ్ఱదనము ఒక వ్యాధి కాదు. పలు వ్యాధులకు ఉమ్మడి గుర్తు. ఒకదానికి అమృతమైన మందు వేఱొకదానికి విషము కావచ్చును.

కన్ను ఎందుకు ఎఱ్ఱబడును?

గాయము తగిలినను, సూక్ష్మజీవులు ప్రవేశించినను శరీరము ఆత్మరక్షణకు పూనుకొనును. ఆ చోట సన్నని రక్తనాళములు విప్పారి, తెల్లరక్తకణములు వచ్చి చేరును. ఎఱ్ఱదనము, వాపు, వేడి, నొప్పి అను నాలుగు గుర్తులను రోమను రచయిత సెల్సస్ క్రీ.శ. 1వ శతాబ్దముననే పేర్కొనెను. చేతిమీదనో కాలిమీదనో ఈ పోరాటము ముగిసిన పిమ్మట చిన్న మచ్చ మిగిలినను నష్టము స్వల్పము. కంటి విషయమట్లు కాదు. నల్లగ్రుడ్డుపై నుండు కార్నియా అను పొర అద్దమువలె స్వచ్ఛమైనది. నడుమ దాని మందము సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. దానిపై మచ్చ పడినచో వెలుతురు లోనికి సరిగా పోజాలదు. జనులు “కంటిలో పూవు” అనునది ఈ మచ్చయే. కావున సూక్ష్మజీవులను చంపుటయు, వాపును తగిన సమయమున అణచుటయు రెండును కంటివైద్యమునకు అవసరమే.

ఒకే ఎఱ్ఱదనము, నాలుగు వ్యాధులు

మొదటిది కండ్లకలక. ఇది తఱచుగా వైరస్ వలన కలుగును. కంటిలో ఇసుక పడినట్లుండును, నీరు కారును, పుసి కట్టును, కాని పుసి తుడిచినచో చూపు మామూలుగనే యుండును. వైరస్ వలన వచ్చినది సాధారణముగా రెండు మూడు వారములలో తగ్గిపోవును. సూక్ష్మక్రిములను చంపు యాంటీబయాటిక్ చుక్కలు వైరస్‌పై పనిచేయవు. చిక్కని చీమువంటి పుసి వచ్చు రకమునకే అవి ఉపయోగపడును.

రెండవది నల్లగ్రుడ్డుపై పుండు. వరికోతలోనో నూర్పిడిలోనో ఆకు అంచో, గడ్డిపోచో, ధాన్యపు పొట్టో కంటికి తగిలి గీత పడును. ఆ గీతద్వారా సూక్ష్మక్రిములు గాని, బూజుజాతి శిలీంధ్రములు గాని లోనికి ప్రవేశించును. నొప్పి పెరుగును, వెలుతురు చూడలేరు, చూపు మసకబారును, నల్లగ్రుడ్డుపై తెల్లని మచ్చ కనబడవచ్చును.

మూడవది కంటి లోపలి వాపు. కనుపాప చుట్టునుండు ఐరిస్ అను భాగము వాచును. పుసి యుండదు, లోతైన నొప్పియు, మసకయు, వెలుతురు గిట్టకుండుటయు నుండును. చికిత్స లేనిచో ఐరిస్ వెనుకనున్న కటకమునకు అంటుకొనిపోవును. కీళ్లవాతము, క్షయ మున్నగు వ్యాధులు దీనికి మూలము కావచ్చును.

నాలుగవది హఠాత్తుగా వచ్చు నీటికాసులు. కంటిలోపలి ఒత్తిడి ఒక్కసారిగా పెరుగును. భరింపరాని తలనొప్పి, వాంతులు, దీపము చుట్టు రంగుల వలయములు దీని లక్షణములు. గంటలలో చికిత్స జరుగనిచో చూపు శాశ్వతముగా పోవచ్చును.

స్టెరాయిడు: రెండు వైపుల పదునుగల కత్తి

కార్టిసోన్ మొదలగు అడ్రినల్ గ్రంథి రసములపై జరిపిన పరిశోధనకు కెండాల్, రైక్‌స్టైన్, హెంచ్ అను మువ్వురికి 1950లో నోబెల్ బహుమానము లభించెను. ఆ జాతి మందులే స్టెరాయిడులు. ఇవి వాపును వేగముగా అణచును. ఐరిస్ వాపునందు వైద్యుడు వీనిని, కనుపాపను విప్పార్చు చుక్కలను వాడి చూపును నిలుపును. ఆ మందే శిలీంధ్రపు పుండునందు పడినచో శరీరరక్షణ సడలి శిలీంధ్రము లోతునకు చొచ్చుకొనిపోవును. ఎఱ్ఱదనము ఒకటి రెండు దినములు తగ్గినట్లుండుటచే రోగి మోసపోవును. నెలల తరబడి వాడినచో నీటికాసులు, శుక్లము ఏర్పడవచ్చును. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ అను పేర్లు సీసాపై నున్నచో అది స్టెరాయిడే. అనేక చుక్కలలో ఇది యాంటీబయాటిక్‌తో కలిసియుండును. వైద్యుని చీటీ లేక దీనిని వాడరాదు.

వైద్యుడు ఎట్లు తేల్చుకొనును?

ఫ్లోరెసీన్ అను రంగును కంటిలో వేసి నీలికాంతిలో చూచినచో పుండున్న చోటు ఆకుపచ్చగా మెఱయును. పుండునుండి కొంచెము గీకి తీసి సూక్ష్మదర్శినిలో పరీక్షింతురు. సూక్ష్మక్రిములైనచో యాంటీబయాటిక్ చుక్కలు, తంతువులుగా పెరుగు శిలీంధ్రమైనచో నాటమైసిన్ చుక్కలు, మొదట గంటకొకమాఱు వేయవలసి యుండును. చికిత్స వారముల తరబడి సాగవచ్చును; నొప్పి తగ్గినదని మధ్యలో మానరాదు.

ఆలస్యమే పెద్ద శత్రువు. నేపాలులోని భక్తపూర్ జిల్లాలో నల్లగ్రుడ్డుపై గీత పడినవారికి గ్రామస్థాయిలోనే యాంటీబయాటిక్ లేపనము నిచ్చి చూచిరి. 18 గంటలలోపల చికిత్స ప్రారంభించినవారికి పుండు పడలేదని 2001లో ప్రకటించిరి. దెబ్బ తగిలిన దినముననే ఆరోగ్యకేంద్రమునకు పోవుట ఎంత మేలో దీనివలన తెలియును.

గుర్తుంచుకొనవలసినవి

1. ఆకుపసరు, చనుబాలు, ఆముదము కంటిలో వేయరాదు. నలుసును నాలుకతో తీయింపరాదు.

2. ఇతరుల చుక్కలను గాని, పాత సీసాను గాని వాడరాదు.

3. కండ్లకలక యున్నవారు చేతులు తఱచుగా సబ్బుతో కడుగుకొనవలెను. తువాలు, తలగడ వేఱుగా నుంచుకొనవలెను.

4. కోత, నూర్పిడి పనులలో కంటికి రక్షణగా అద్దములు ధరించుట మంచిది.

5. నొప్పి, చూపు మసక, వెలుతురు గిట్టమి, తెల్లమచ్చ, కంటి దెబ్బ, వాంతులు: ఎఱ్ఱదనముతో వీనిలో ఏ ఒక్కటి యున్నను ఆ దినముననే కంటివైద్యుని చూడవలెను. పురిటిబిడ్డ కన్ను ఎఱ్ఱబడినను, కాంటాక్టు లెన్సులు ధరించువారి కన్ను ఎఱ్ఱబడినను ఇట్లే చేయవలెను.

కార్నియాపై మచ్చ పడి చూపు పోయిన పిమ్మట పలువురికి మిగులునది దాత ఇచ్చిన కార్నియాను అతికించు శస్త్రచికిత్స మాత్రమే. మొదటి దినమున వైద్యుని చూచుట దానికంటె ఎంతయో సులభము.