పాత లంగాను పెద్దది చేయు విధము

బాలికలు ఎదుగుట ప్రకృతిధర్మము. ఎదిగిన బాలికకు నిరుటి లంగా చాలకపోవుటయు అంతే సహజము. అయినను పండుగనాడు పెట్టె తెరచి పట్టులంగాను వెలికి దీసినపుడు, అది పాదములవరకు దిగక, నడుమునకు అందక పోయినచో, పెక్కు ఇండ్లలో రెండు మాటలు వినవచ్చుచుండును. "ఎంత లావైతివే!" యని పిల్లను మందలించుట యొకటి, "ఇక దీనిని కత్తిరించి దిండు గలీబులు కుట్టింతము" అని తీర్పు చెప్పుట రెండవది. ఈ రెండు మాటలును తగినవి కావు. బట్ట చాలకపోయినచో దోషము బాలికది కాదు. ఆ బట్టయందు ఇంకను ఎంత బట్ట దాగియున్నదో చూడకయే కత్తెర పట్టుట యుక్తమును కాదు.

పరికిణీ యని కోస్తావారును, లంగా యని తెలంగాణమువారును, పావడ యని మరికొందరును పిలుచు ఈ వస్త్రమును ఇంటియందే పెద్దది చేసికొను విధమును ఈ వ్యాసమున వివరింపదలచితిమి. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోకనగరములనుండి మన పాఠశాలకు వచ్చు బాలికల ఇండ్లలో అమ్మమ్మ కట్టినదియో, తల్లి కట్టినదియో యగు పట్టులంగా ఒకటి యుండుట అరుదు కాదు. చిక్కడపల్లిలోని త్యాగరాయ గానసభ వేదికపై పాడుటకో, నాట్యమాడుటకో పిలుపు వచ్చినపుడు, ఇంటిలో పెండ్లి తటస్థించినపుడు ఆ లంగా జ్ఞప్తికి వచ్చును. అట్టి సమయమున ఈ పాఠము ఉపకరించుగాక.

1. మొదట పరీక్ష

పాత పట్టు చూపునకు గట్టిగా నున్నను మడతలవెంట చిరుగుచుండును. కావున లంగాను వెలుతురునకు ఎదురుగా పట్టి చూడవలెను. దారములు పలుచబడి వెలుతురు గీతలు గీతలుగా కనబడుచోట్ల సుద్దతో చిన్న గురుతు పెట్టవలెను. తరువాత రెండు చేతుల బొటనవ్రేళ్లతో బట్టను మెల్లగా లాగి చూడవలెను. దారములు విడిపోవుచున్నచో, అట్టి బట్ట కొత్త కుట్టు బరువును తనంతట తాను మోయలేదు; లోపల పలుచని నూలుబట్టతో అస్తరు వేసి దానికి ఆసరా కల్పింపవలయును. ఆసరా యిచ్చినను నిలువనంత జీర్ణించిన లంగాను పెద్దది చేయ యత్నింపక, దాని అంచును మాత్రము విప్పి దాచుకొనుట మేలు.

రంగు దిగునో లేదో కూడ తెలిసికొనవలెను. తెల్లని గుడ్డను తడిపి, లోపలివైపు కానరాని చోట ఒత్తిపట్టి చూచినచో నిజము తెలియును. రంగు దిగు లంగాకు తెల్లని అతుకు పనికిరాదు.

2. విప్పుట

మేము కుట్టుపని తరగతిలో విద్యార్థినులకు మొదట చెప్పునది: విప్పుట ముగియువరకు కత్తెరను పెట్టెలోనే యుంచవలెను. విప్పుటకు సన్నని మొనగల చిన్న కత్తెరగాని, కుట్టు విప్పు పరికరముగాని చాలును.

మిషను కుట్టు స్వభావము తెలిసినచో విప్పుట సులభము. అందు రెండు దారములుండును: సూదిదారము పైనుండి వచ్చును, బాబిను దారము క్రిందినుండి వచ్చును, రెండును బట్ట నడుమ ఒకదానినొకటి పెనవేసికొనును. ఇట్టి కుట్టు వేయు యంత్రమునకు 1846లో అమెరికాదేశమున ఎలియాస్ హోవ్ పేటెంటు పొందెను. 1851లో ఐజాక్ సింగర్ పేటెంటు పొందిన యంత్రము వచ్చిన పిదప అది ఇండ్లలోనికి ప్రవేశించెను. రెండు దారములు పెనవేసికొని యుండుటచేత, ఒకవైపున ప్రతి మూడవ కుట్టునో నాలుగవ కుట్టునో త్రెంచి, బట్టను త్రిప్పి రెండవవైపు దారమును మెల్లగా లాగినచో అది పొడుగున ఊడివచ్చును. రెండు బట్టలను చేతులతో పట్టి చీల్చినట్లు లాగినచో పట్టు చిరుగును.

విప్పునపుడు పాత కుట్టును చదువవలెను. మన పెద్దలు, మంచి దర్జీలును, ఎదుగు పిల్లకు కుట్టిన లంగాలో మూడు చోట్ల బట్టను దాచుచుండిరి: క్రింది మడతలో, అంచునకు పైగా వేసిన అడ్డమడతలలో, ప్రక్కకుట్ల లోపల. ఈ అడ్డమడతలనే దర్జీలు టక్కులందురు. చూచువారు అలంకారమని తలంతురు గాని, నిజమునకు అవి రాబోవు సంవత్సరములకై దాచిన బట్ట.

3. పొడవు పెంచుట

టక్కు లెక్కను బాలికలు చక్కగా గ్రహింపవలెను. టక్కు లోతు 2 సెంటీమీటర్లయినచో అది మ్రింగిన బట్ట 4 సెంటీమీటర్లు. ఏలయనగా బట్ట పోయి, తిరిగి వచ్చినది. అట్టివి మూడు విప్పినచో 12 సెంటీమీటర్ల పొడవు చేకూరును. మొదట పైనున్న టక్కును విప్పుట మంచిది. విప్పినచోట రంగు కొంత ముదురుగాను, మడతగీత తెల్లగాను కనబడవచ్చును. ఆ గీతపై సన్నని గోటు గాని, సరిపోవు రంగు దారముతో ఒక వరుస చేతికుట్టుగాని వేసినచో మరుగుపడును.

క్రింది మడతను విప్పినచో అంచును తిరిగి లోనికి మడచుటకు బట్ట మిగులదు. అపుడు మ్యాచింగు సెంటరులలో దొరకు చీర ఫాలును తెచ్చి, ఒక సెంటీమీటరు మేర అంచునకు కలిపి కుట్టి, లోపలికి త్రిప్పి తురుపాయి చేయవలెను. ఫాలును ముందుగా నీట నానబెట్టి ఆరవేయుట మరువరాదు. లేనిచో తరువాత అది కుదించుకొని అంచును ముడుతలు పడజేయును.

దాచిన బట్ట లేనిచో బయటి బట్టను చేర్పవలసి వచ్చును. దానికి మూడు చోట్లు గలవు. అడుగున చేర్చినచో అందరికిని కనబడును. అంచునకును మైబట్టకును నడుమ వేరు రంగు పట్టీ వేసినచో, అది మొదటినుండియు అట్లే కుట్టబడినట్లు తోచును. నడుము క్రింద, జాకెట్టును ఓణీయు కప్పుచోట, 10 సెంటీమీటర్ల వరకు నూలుపట్టీ చేర్చినచో ఎవరికిని కనబడదు. పట్టుబట్ట ఖరీదైనదిగాన, మేము ఈ మూడవ విధమునే మిక్కిలి మెచ్చుదుము.

4. నడుము పెంచుట

కుచ్చెళ్ల లంగాకు నడుము పెంచుట మిక్కిలి సులభము. కొత్త పట్టీకి తప్ప వేరు బట్ట యక్కరలేదు. క్రింది చుట్టుకొలత 290 సెంటీమీటర్లుండి, అది 58 సెంటీమీటర్ల నడుమున కూర్చబడినదనుకొందము. అనగా ప్రతి సెంటీమీటరున 5 సెంటీమీటర్ల బట్ట కుచ్చెళ్లుగా నున్నది. నడుమును 66 చేసినచో అది సుమారు 4.4 అగును. కుచ్చెళ్లు కొంచెము పలుచబడును గాని అందము చెడదు. పట్టీని విప్పి, కుచ్చెళ్లను సమముగా సర్ది, టాకాలు వేసి, కొత్త పట్టీ కుట్టిన చాలును.

కలీల లంగా, అనగా పైన సన్నముగను క్రింద వెడల్పుగను కోసిన ముక్కలతో కుట్టినది, కొంత కష్టము. ఆరు కలీలకు ఆరు కుట్లుండును. నడుము 9 సెంటీమీటర్లు పెరుగవలెనన్నచో కుట్టునకు ఒకటిన్నర వంతున, అనగా కుట్టునకు ఇరుప్రక్కల ముప్పాతిక సెంటీమీటరు వంతున వదలవలెను. లోపల అంత బట్ట లేనిచో రెండు ప్రక్కకుట్లను మాత్రము విప్పి, ఒక్కొక్కచోట కుట్టిన పిదప నాలుగున్నర సెంటీమీటర్లుండునట్లు పట్టీ వేయవలెను. ఇరుప్రక్కల కుట్టునకు ఒక్కొక సెంటీమీటరు చొప్పున చేర్చి ఆ పట్టీని ఆరున్నర సెంటీమీటర్ల వెడల్పున కోయవలెను. నడుమునుండి అంచువరకు ఒకే పట్టీ సాగినచో లంగా చక్కగా దిగును. నడుము దగ్గర మాత్రమే చిన్న ముక్క అతికినచో అక్కడ ఉబ్బును.

5. అతుకు బట్టను ఎన్నుట

గంతకు తగ్గ బొంత యని పెద్దలన్న మాట ఇక్కడ అక్షరాల పనికివచ్చును. పలుచని పట్టుకు మందపు బట్టను అతికినచో కుట్టువద్ద పాత బట్టయే చిరుగును. కొత్త నూలుబట్టను రాత్రియంతయు నానబెట్టి, నీడన ఆరబెట్టి, పిదప కోయవలెను.

పడుగు పేకల దిక్కును చూడవలెను. అంచు క్రిందికి వచ్చునట్లు కుట్టిన లంగాలో పడుగు నడుము చుట్టును, పేక నిలువునను పోవుచుండును. చేర్చు ముక్కయు అట్లేయుండినచో రెండును ఒకే తీరున వ్రేలాడును.

మన ప్రాంతపు నేతలనుండియు పాఠము నేర్వవచ్చును. గద్వాల చీరలో మైబట్ట నూలు, అంచును కొంగును పట్టు. ఆ రెండింటిని మగ్గముమీదనే కలుపుదురు. రెండు విధముల బట్టలు ఒకే వస్త్రమున ఇముడుననుటకు ఇంతకన్న సాక్ష్యము వలదు. నారాయణపేట గళ్ల బట్టకు అతుకు వేయునపుడు గళ్లను గళ్లకు జతపరచవలెను. పోచంపల్లి బట్టలో దారములకు ముందే ముళ్లు కట్టి రంగులద్ది నేయుదురు గనుక బొమ్మ అంచులు కొంచెము చెదరియుండును. దానికి దానివంటి ముక్కను వెదకుట వ్యర్థము. అందలి రంగులలో నొకదానిని ఎన్నుకొని సాదా పట్టీ వేయుటయే ఉచితము.

6. ఒక లెక్క

పండ్రెండేండ్ల బాలిక లంగా పొడవు 80, నడుము 58 సెంటీమీటర్లు. ఇపుడు ఆమెకు పొడవు 92, నడుము 66 కావలెను. (పట్టీ లోపల ఒక వ్రేలు దూరునట్లు నడుమును కొలువవలెను, ఊపిరి బిగబట్టి కొలుచుట తప్పు.) లంగాలో ఒకటిన్నర సెంటీమీటర్ల లోతుగల టక్కులు రెండును, 5 సెంటీమీటర్ల క్రింది మడతయు గలవు.

టక్కులు విప్పినచో వచ్చునది 6. క్రింది మడతలో ఫాలు కలుపుటకు 1 ఉంచి, మిగిలినది 4. ఇంకను 2 తక్కువ. పాత నడుముపట్టీ వెడల్పు 3. కొత్తదానిని 5 చేసినచో ఆ రెండును దొరకును. మొత్తము 12. పట్టులంగాపై ఒక్క కోత పడలేదు. కొత్త పట్టీ పొడవు నడుము 66, హుక్కులకై ఒకదానిపై నొకటి వచ్చుటకు 3, కుట్లకు 2, మొత్తము 71 సెంటీమీటర్లు. వెడల్పు రెండు మడతలకు 10, కుట్లకు 2, మొత్తము 12 సెంటీమీటర్లు.

పట్టుపై మిషను నడుపునపుడు 11వ నంబరు సన్నసూది వాడవలెను. మొద్దుబారిన సూది దారములను లాగివేయును. సూది గుచ్చిన రంధ్రములు పట్టున మాయవు. కావున టాకాలు సయితము కుట్టు లోపలికి పోవు బట్టమీదనే వేయవలెను. ఇస్త్రీ చేయునపుడు జరీపై పలుచని గుడ్డ పరచుట మరువరాదు.

7. ఈ విద్య యొక్క గౌరవము

కొందరు బాలికలు అతుకు వేసిన బట్ట కట్టుటకు సిగ్గుపడుదురు. అంతకన్న విచారకరముగ, మరికొందరు దానిని చూచి నవ్వుదురు. 1928లో మాడపాటి హనుమంతరావుగారి కృషిచే నారాయణగూడలో బాలికలకు తెలుగున విద్య నేర్పు పాఠశాల వెలసెను. ఆ కాలమున ఏటేట కొత్త లంగా కొనుట సామాన్య గృహస్థునకు సాధ్యమయ్యెడిది కాదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1941 జూను 1వ తేదీనుండి, బ్రిటను దేశమున బట్టలను కూపనులమీద ఇచ్చిరి. అది 1949 మార్చి వరకు సాగెను. ఉన్న బట్టను బాగుచేసి కట్టుకొనుడని అక్కడి ప్రభుత్వమే ప్రజలకు పుస్తకములు పంచెను. మన పల్లెలలో పాత చీరలను పొరలు పొరలుగా పేర్చి బొంతలు కుట్టుట ఏ ప్రభుత్వమును చెప్పకయే తరతరములనుండి వచ్చినది. కావున అతుకు పేదరికపు గురుతని తలచుట అవివేకము. అది ఒకరు ఆ బట్టమీదను, దానిని కట్టు పిల్లమీదను ఉంచిన శ్రద్ధకు గురుతు.

ఈ పని బాలికలకే అని బాలురు తలపరాదు. వీధిలోని దర్జీలలో పెక్కుమంది పురుషులే. గుండీ కుట్టుకొనలేని విద్యార్థి హాస్టలులో ఎంత ఇబ్బందిపడునో చెప్పనక్కరలేదు. తీరికలేని తల్లిదండ్రులు లంగాను దర్జీకి ఇచ్చినను, "కత్తిరింపక ముందు టక్కులు, మడతలు విప్పి చూడుడు" అని చెప్పగలిగినచో ఈ పాఠము చదివిన ఫలము దక్కినట్లే.

చివరగా రెండు మాటలు. తీసివేసిన పాత నడుముపట్టీని, మిగిలిన ముక్కలను, అదే రంగు దారమును ఒక చిన్న నూలుసంచిలో వేసి లంగాతోబాటు దాచవలెను. కొత్తగా చేర్చిన పట్టీల లోపల కుట్టునకు ఇరుప్రక్కల వీలైనంత బట్ట వదలవలెను. నిదానమే ప్రధానమని తలచి పని చేసినచో, ఈ యేడు అక్కకు సరిపోయిన లంగాను కొన్ని యేండ్లకు చెల్లెలికై విప్పువారు అందులో దాచిన బట్టను కనుగొని సంతోషింతురు.